ఏడు నిమిషాల కంప్యూటరు

పొద్దున ఆరింటికి పంపుహౌసులో మోటారు మొదలవుతుంది. తొమ్మిదింటికి ట్యాంకు నిండి ఆగుతుంది. ఆ వీధిలో గోడ గడియారాలకి కొదవ లేదు గానీ వాటిని నమ్మినవాళ్ళు లేరు. మోటారు మోగితే లేస్తారు, ఆగితే పనుల్లోకి పోతారు. ఈ రెంటి మధ్యలో వీధి ఊడ్చే ఆవిడ రెండు బుట్టలతో వస్తుంది. ఒకటి ఆకులకీ కాగితాలకీ, రెండోది మాటలకి.

ఆ ఊళ్ళో కోపంలో అన్న మాట గాల్లో కలిసిపోదు. కింద పడుతుంది, సాయంత్రానికి గట్టిపడుతుంది, తుమ్మబంక ముద్దలా అక్కడే ఉండిపోతుంది. వేలు తగిలినా, చెవి దగ్గర పెట్టుకున్నా అన్నవాళ్ళ గొంతే వినిపిస్తుంది. "ఛీ", "పో" లాంటివి ఆవగింజంత ఉంటాయి, చీపురుకే వచ్చేస్తాయి. అంతకు పెద్దవాటికి పార కావాలి. సొంతవాళ్ళని అన్న మాటలు మాత్రం చీపురుకీ రావు, పారకీ రావు. పడ్డచోటే కరుచుకుంటాయి. అన్న మనిషి, పడ్డ మనిషి మొహం చూస్తూ వెనక్కి తీసుకుంటే తప్ప కరగవు. అలా తీసుకున్నవాళ్ళని ఊరు మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పంపుహౌసు ఎదురింటి పిన్నిగారు ఒకసారి ప్రయత్నించింది. తోడికోడల్ని పిలిచి కూర్చోబెట్టి, ఎప్పుడో అన్న ఒక్క మాట వెనక్కి తీసుకోబోయి కొత్తగా మూడు అంది. ఆ ఇంటి వసారాలో ఇప్పటికీ కింద చూసుకుని నడవాలి.

ఇక పంపుహౌసు సంగతి. మోటారుని నడిపేది ఒక పాత కంప్యూటరు. అది లేస్తే మోటారు తిరుగుతుంది, దాన్ని ఆపేస్తే మోటారు ఆగుతుంది. ఇంతకాలం బుద్ధిగానే ఉంది. నెలరోజులుగా మాత్రం దానికి ఆగి ఉండటం చేతకావడం లేదు. తొమ్మిదింటికి ఆపేస్తే తొమ్మిదీ ఏడుకి దానంతట అదే లేచి కూర్చుంటుంది. దాంతోపాటు మోటారూ లేస్తుంది. ట్యాంకు నిండే ఉంది కాబట్టి నీళ్ళు పొర్లి వీధిలోకి వస్తాయి. పంపు ఆపరేటరు పరిగెత్తుకొచ్చి ఆపుతాడు. మళ్ళీ ఏడు నిమిషాలు. పాపం, నెలరోజులుగా అతనికి తిండీ అక్కడే, కునుకూ అక్కడే. అతను కునుకు తీసినప్పుడల్లా పిన్నిగారి వాకిట్లో కాలవ పారుతుంది. ఆవిడ ఆరేసిన బట్టలు రెండోసారి తడుస్తాయి.

ప్లగ్గు పీకేస్తే పోదా అని దారిన పోయే ప్రతివాడూ సలహా ఇచ్చాడు. పోదు. రెండేళ్ళ కింద బదులుకొచ్చిన ఆపరేటరు ఒకడు తన ఫోను చార్జింగు కోసం ఆ ప్లగ్గు పీకి, తిరిగి పెట్టడం మరిచి ఇంటికెళ్ళాడు. ఫోను నిండింది, ఊరు రెండు రోజులు ఎండింది. అప్పట్నుంచీ ప్లగ్గుకీ మోటారు హ్యాండిలుకీ కలిపి ఇంజనీరు ఇనప పెట్టె కట్టించి తాళం వేశాడు. తాళంచెవి ఆయన జేబులో ఉంటుంది. జేబు ఆయన ఇంట్లో ఉంటుంది.

సోమవారం ఆ ఇంజనీరే వచ్చి మోకాళ్ళ దాకా ప్యాంటు మడుచుకుని వీధి దాటాడు. సంచిలోంచి టైపు చేసిన కాగితం తీసి ఆపరేటరుకి చూపించాడు. కొండమీది రిజర్వాయరుకి బదిలీ. బస్సులో పదకొండు గంటల దూరం. తేదీ దగ్గర మాత్రం ఖాళీ ఉంది.

"శుక్రవారం పదింటికి వస్తాను. ఆపింది ఆపినట్టే ఉందా సరే. లేదా, తేదీ వేసి సంతకం పెడతాను. కొత్త మనిషీ కొత్త యంత్రమూ వస్తాయి. బాగుచేయడానికి మనిషిని పంపిస్తున్నా. ఒక మాట గుర్తుపెట్టుకో, అతుకుల పని నాకు కుదరదు. బయట వేలాడే తీగ ఒక్కటి కనిపించినా బాగయినట్టు కాదు."

"ఎవర్ని పంపిస్తున్నారు సార్?"

"మన లిస్టులో ఉన్నది ఒక్కరే కదయ్యా. మీ చెల్లెలు."

ఆయన వెళ్ళాక ఆపరేటరు నేల తుడిచాడు. తర్వాత కుర్చీ తుడిచాడు. తడి లేనిచోట కూడా తుడిచాడని పిన్నిగారు కిటికీలోంచి చూసి నలుగురికీ చెప్పింది.

ఆ చెల్లెల్ని ఊరంతా ఉడుం అంటారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అక్కా అంటారు. బజార్లో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఆవిడది. లోపాన్ని పట్టుకుందంటే వదలదు. ఒకసారి ఎవరిదో ప్రింటరు బాగుచేస్తూ, వాళ్ళు కొత్తది కొనుక్కున్నా వినకుండా, ఇంకో పన్నెండు రోజులు కూర్చుని బాగుచేసి వాళ్ళింటికి పంపించింది. వాళ్ళకిప్పుడు రెండు ప్రింటర్లు. అచ్చు వేయడానికి మాత్రం ఏమీ లేదు.

ఆ కొట్టు అన్నాచెల్లెళ్ళు కలిసి పెట్టిందే. అన్న బల్ల చేస్తే చెల్లెలు బోర్డు రాసింది. ఆరేళ్ళ కింద అన్నకి పంపుహౌసులో ఉద్యోగం వచ్చింది. కొట్టు వదిలి వెళ్తానన్నాడు. ఆ రోజు చెల్లెలు చాలా మాట్లాడింది. అతను ఒక్క మాటైనా అనకుండా క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాటైనా అనకపోవడమే ఆవిడకి ఆరేళ్ళుగా మంట. తను ఏమన్నదో ఆవిడకి గుర్తులేదు. మాట అన్నవాళ్ళకి ఎప్పుడు గుర్తుంది గనక.

అప్పట్నుంచీ మాటల్లేవు.

మంగళవారం తొమ్మిదింటికి ఆవిడ సంచీతో పంపుహౌసులో అడుగుపెట్టింది. అన్న లేచి నిలబడ్డాడు. ఇద్దరూ కంప్యూటరు వైపు చూశారు.

"కంప్యూటరూ, వచ్చినవాళ్ళకి కుర్చీ ఉందని చెప్పు," అన్నాడు అన్న.

"పనికొచ్చాను, కూర్చోడానికి రాలేదని చెప్పు కంప్యూటరూ."

"నిలబడి చేస్తే నడుం నొప్పి వస్తుందని చెప్పు."

"నా నడుం గురించి ఆరేళ్ళుగా లేని బెంగ ఇవాళెందుకని అడుగు."

కంప్యూటరు ఎవరికీ ఏమీ చెప్పలేదు. కిటికీలోంచి పిన్నిగారు అంది: "ఇద్దరూ చేరి దాన్ని రాయబారానికి తిప్పుతున్నారు, ఇంకెక్కడ నిద్రపోతుంది!"

ఉడుం పని మొదలుపెట్టింది. మౌసు కదిలితే లేస్తుందేమోనని మౌసు తీసేసింది. కీబోర్డు తీసేసింది. ఆఫీసు నుంచి వచ్చే నెట్ తీగ తీసేసింది. ఫలానా వేళకి లేవమని లోపల ఎవరైనా అలారం పెట్టారేమోనని వెతికి, ఉన్న రెండూ చెరిపేసింది. ఒక్కొక్కటి తీసినప్పుడల్లా ఆపి, వాచీ చూస్తూ కూర్చుంది. అంటే నిలబడింది. ప్రతిసారీ ఏడో నిమిషంలో చిన్న క్లిక్కుమని చప్పుడు, వెనకే మోటారు మోత, ఆ వెనకే పిన్నిగారి కేక. సాయంత్రానికి ఎనిమిది రకాలుగా ప్రయత్నించింది. ఎనిమిదిసార్లూ వీధి కడిగినట్టయింది.

వెళ్ళేటప్పుడు నోటుబుక్కులో రాసుకుంది: ఇవి కావు.

"రేపు కూడా వస్తారా అని అడుగు కంప్యూటరూ," అన్నాడు అన్న.

"తేలేదాకా వస్తారని చెప్పు."

బుధవారం ఆవిడ కంప్యూటరు చిట్టా తెరిచింది. తనని ఎప్పుడు ఎవరు లేపారో అది రాసిపెట్టుకుంటుంది. నెల రోజుల చిట్టాలో ప్రతి వరసలోనూ ఒకటే ఉంది: ముందున్న మీట నొక్కారు. ఆవిడ చాలాసేపు దాన్నే చూసింది. ఆ గదిలో మీట నొక్కగల వేళ్ళు నెలరోజులుగా ఒక్క మనిషివే.

"కంప్యూటరూ, ఎవరో నిన్ను కావాలని లేపుతున్నారని రాసుకున్నావు. ఇక్కడ ఉంటున్నది ఎవరో కూడా రాసుకోవాల్సింది."

అన్న మొహం మాడిపోయింది. బయటికెళ్ళి, వీధికి అవతల పిన్నిగారి అరుగు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద, అందరికీ కనిపించేలా పెట్టుకున్నాడు. పిన్నిగారు కాపలా. గదిలో చెల్లెలు ఒక్కతే, యంత్రానికి జానెడు దూరంలో, రెప్ప వేయకుండా. నాలుగు నిమిషాలు. అయిదు. ఆరు. క్లిక్. మీట దగ్గర ఈగ కూడా లేదు. మోటారు మోగింది.

"నేను సాక్షి!" అని అరిచింది పిన్నిగారు. "మనిషి కదల్లేదు. దగ్గాడంతే!"

అన్న తిరిగొచ్చి యంత్రాన్ని ఆపాడు. చెల్లెలి నోటిదాకా ఏదో వచ్చింది. తప్పు తనదేనని తెలిసిన కోపం ఇంకా చెడ్డది. పంటి బిగువున మింగేసింది. నోటుబుక్కులో 'మనిషి కాదు' అని రాసుకుంది.

గురువారం ఆవిడ తాళంచెవి ఒక గంట అడిగి తెప్పించి, యంత్రం లోపలి కరెంటు పెట్టె మార్చింది. గడియారం బ్యాటరీ మార్చింది. కరెంటు పోయొస్తే తనంతట తానే లేచే ఏర్పాటు ఉంటే తీసేసింది. పక్క మూత తెరిచి ప్రతి తీగనీ వేలితో తడిమి చూసింది. సాయంత్రానికి ఊరు మూడు జట్లయింది. బాగవుతుందన్నవాళ్ళు, కాదన్నవాళ్ళు, బట్టలు ఉతికేది ఉంటే ఈ పూటే ఉతుక్కోవాలన్నవాళ్ళు. అన్న ఇంట్లో బట్టలు సర్దుతున్నారని కూడా ఒక కబురు వచ్చింది. వదిన పెద్ద సంచి దింపించడం పాలు పోసేవాడు చూశాడట. చెల్లెలు ఆ కబురు విని స్క్రూడ్రైవరు కింద పడేసుకుంది. వంగి తీసుకుంది.

"కంప్యూటరూ," అంది, ఈసారి గొంతు తగ్గించి, "నెలరోజుల కింద ఇక్కడ ఏం మారింది? ఏదో ఒకటి మారి ఉంటుంది. మారకుండా ఏదీ చెడదు."

అన్న కాలితో నేలని తట్టాడు. "నేలకి రంగు వేశారని చెప్పు. అప్పుడు నిన్ను ఎత్తి పక్కన పెట్టాను. రంగు ఆరాక మళ్ళీ ఇక్కడే పెట్టాను."

"ఎత్తినప్పుడు పడుకోబెట్టారా?"

"ఒక పూట."

ఆవిడ రాసుకుంది. కొట్టుకి వెళ్ళి, అన్నం ముందు పెట్టుకుని, అదే ఆలోచించింది. పడుకోబెడితే లోపల ఉన్నదేదో జారాలి. జారి ఎక్కడ ఆగింది?

శుక్రవారం తొమ్మిదింటికి మోటారు ఆగింది. పదింటికి ఇంజనీరు. ఆవిడ కంప్యూటరు ఆపి, పక్క మూతలోంచి చెయ్యి పెట్టి, ముందున్న మీట నుంచి లోపలి బోర్డుకి వెళ్ళే సన్నని తీగల జత పీకేసింది. రెండే తీగలు. అవి ఒకదాన్నొకటి తాకితే చాలు, యంత్రం లేస్తుంది. వాచీ చూసింది. ఆరు. ఏడు. ఎనిమిది. కంప్యూటరు చడీచప్పుడు లేకుండా పడి ఉంది. పది. ఎదురింటి కిటికీలో పిన్నిగారు తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయింది.

"దొరికింది," అంది చెల్లెలు. "చిట్టా నిజమే చెప్పింది. మీట నొక్కుడు పడుతోంది, బయట్నుంచి కాదు, లోపల్నుంచి. ముందు మూత వెనకాల ఏదో ఉంది."

స్క్రూడ్రైవరు అందుకుంది. అన్న గబుక్కున ముందుకొచ్చాడు.

"కంప్యూటరూ, ఆ మూత తియ్యొద్దని చెప్పు. వేరే మీట ఒకటి పెట్టేస్తే సరిపోతుంది. దాని మానాన దాన్ని ఉండనివ్వమను."

"అతుకులు ఇంజనీరు ఒప్పుకోడు."

"నేను బతిమాలుకుంటాను. దాన్ని మాత్రం కదపొద్దను."

స్క్రూడ్రైవరు ఆగింది. ఉడుం తల తిప్పి, ఆరేళ్ళలో మొదటిసారి, కంప్యూటరుని కాకుండా మనిషిని చూసింది. అతని చెవుల పైన జుట్టు నెరిసింది. ఎప్పుడు నెరిసిందో తెలియదు.

"దాన్ని అంటావేంటి? నేనింకా తెరవనే లేదు. అక్కడున్నది ఏదో నీకెలా తెలుసు?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆవిడ నాలుగు స్క్రూలూ తీసింది. ముందు మూత ఊడి చేతిలోకి వచ్చింది.

మీట వెనక, ప్లాస్టిక్ గోడకి కరుచుకుని, రేగుపండంత ముద్ద. తేనె రంగు ముదిరి నల్లబడింది. పైన గట్టిగానే ఉంది గానీ, పడుకోబెట్టిన పూట జారిందేమో, కిందికి ఒక బొట్టులా సాగి వేలాడుతోంది. మోటారు తిరుగుతున్నంతసేపూ ఆ అదురుకి బొట్టు పైకి ముడుచుకుంటుంది. మోటారు ఆగి గది సద్దుమణిగితే మెల్లగా కిందికి సాగుతుంది. ఏడు నిమిషాలకి మీట మీద వాలుతుంది. అంతే కథ. నాలుగు రోజుల పని, నెల రోజుల వరద.

ఆవిడ పటకారుతో పట్టి లాగింది. రాలేదు. స్పిరిట్ పోసింది, కరగలేదు. ఇక వేలు పెట్టింది. వేలు తగలగానే ముద్ద పలికింది. చిన్న గొంతు, కాస్త కీచుగా, ఏడుపుని కోపం కింద దాచుకున్న గొంతు.

"నీలాంటి అన్న ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

ఆవిడకి ఆ గొంతు పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. తన గొంతు తను బయట్నుంచి వినడం ఎవరికి అలవాటు?

ఆ రోజు కొట్టులో బల్ల మీద ఈ కంప్యూటరే విప్పి ఉంది. ఇద్దరూ చెరోవైపు. మర్నాడు లోపలికి చూడకుండా తనే బిగించేసింది. నెల తిరక్కుండా నీళ్ళ ఆఫీసువాళ్ళు వచ్చి, కొట్టులో ఏడు పాత యంత్రాలుంటే సరిగ్గా దీన్నే కావాలని పట్టుకెళ్ళారు.

"ఎడమవైపు మూడోది తెమ్మని చెప్పింది నువ్వేనా?"

"ఊఁ."

"ఎందుకు?"

"అందులో పడటం చూశాను. అది నాకిచ్చిన మాట కదా," అన్నాడు అన్న. "ఊడ్చేవాళ్ళకో, కొనుక్కునే ఎవడికో పోవడం ఎందుకని. నీ దగ్గర్నుంచి తెచ్చుకున్నది అదొక్కటే ఉంది."

"ఆరేళ్ళు దీన్ని పక్కన పెట్టుకుని కూర్చున్నావా?"

"వినేవాణ్ణి కాదు. ఉందని తెలుసు, అంతే."

"మరి మంగళవారమే చెప్పొచ్చుగా! నాలుగు రోజులు! నేను కరెంటు పెట్టె మార్చాను, బ్యాటరీ మార్చాను, నిన్ను దొంగలా అరుగు మీద కూర్చోబెట్టాను. ఇవాళ నిన్ను కొండమీదకి తోలేస్తారు. తెలిసి తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావేం?"

అతను నేల వైపు చూశాడు. కొత్త రంగు బాగానే వేశారు.

"చెబితే మంగళవారమే అయిపోయేది కదా," అన్నాడు. "బుధవారం వచ్చేదానివి కాదు."

వీధి గోడ వెనక ఎవరో ముక్కు చీదారు. పిన్నిగారే. ఆవిడ ఎప్పుడు వీధి దాటి గోడ దగ్గరికి వచ్చిందో ఎవరూ చూడలేదు.

పదికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. ఉడుం నిలబడి ముద్దని చూసింది, అన్నని చూసింది. ఆవిడకి బాగుచేయడం వచ్చు. బతిమాలుకోవడం, కాళ్ళావేళ్ళా పడటం, కన్నీళ్ళు పెట్టుకోవడం రావు. రానిపనికి కూర్చుంటే ఆవిడ ఎలా చేస్తుందో ఇదీ అలాగే చేసింది. మొదట సంచీలోంచి గుడ్డ తీసి చేతులు తుడుచుకుంది. కుర్చీ లాక్కుని, నాలుగు రోజుల్లో మొదటిసారి కూర్చుంది. ఎదురుగా స్టూలు చూపించింది. అన్న కూర్చున్నాడు.

"నా మొహం చూడు."

చూశాడు.

"నీలాంటి అన్న ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అన్నాను," అంది, నోటుబుక్కులో రాసింది చదువుతున్నట్టు. "ఆరేళ్ళు చూశాను. కొట్టులో బల్ల కాలు విరిగితే ఇటుక పెట్టుకున్నాను. బాగయిన యంత్రాన్ని ఎవరికీ చూపించకుండానే ఇచ్చేశాను. మధ్యాహ్నం క్యారేజీ విప్పి సగం పక్కన తీసిపెట్టి, తర్వాత నేనే తిన్నాను. రెండూ ఒకటి కాదు. ఆ మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నా."

ముందు ఏమీ కాలేదు. తర్వాత ముద్ద అంచు తడిబారింది. వేసవిలో బెల్లం చెమర్చినట్టు మెల్లగా చెమర్చి, సన్నబడి, మూత మీద చిన్న తడి మరకయింది. ఆవిడ గుడ్డతో తుడవబోయేసరికి అది కూడా లేదు. మీట వేలితో నొక్కి చూసింది. కిందికి వెళ్ళి పైకి వచ్చింది, కొత్తదానిలా.

తీగలు తగిలించింది. మూత బిగించింది. నాలుగో స్క్రూ తిప్పుతుండగా ఇంజనీరు ప్యాంటు మడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. మడవాల్సిన అవసరం లేదని చూసి దించుకున్నాడు.

"ఆపారా?"

"ఆపాం. కూర్చోండి సార్."

ముగ్గురూ కూర్చున్నారు. ఏడో నిమిషం వచ్చింది, పోయింది. ఇంజనీరు ఏడు నిమిషాలని నమ్మే మనిషి కాదు, ఇంకో ఏడు కూర్చున్నాడు. ఇంకో ఏడు. గదిలో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ట్యాంకులో నీళ్ళు కుదురుకోవడం వినిపించింది. ఆయన యంత్రం చుట్టూ తిరిగి వేలాడే తీగల కోసం చూశాడు. దొరకలేదు. కాస్త నిరాశపడ్డట్టే కనిపించాడు. అలవాటు అలాంటిది.

"లోపం ఏమిటని రాసుకోమంటారు?"

"లోపల ఒక మాట పడి ఉంది."

"పెద్దదా?"

"పెద్దదే."

"ఎవరిది?"

"నాది."

ఇంజనీరు తల ఊపి, ఫారంలో అలాగే రాసి, కింద సంతకం చేయించుకున్నాడు. సంచిలోంచి బదిలీ కాగితం తీశాడు. తేదీ ఇంకా ఖాళీగానే ఉంది. నాలుగు మడతలు పెట్టి, కదులుతున్న స్టూలు కాలి కింద దూర్చాడు. స్టూలు కదలడం మానేసింది. ఆయన వెళ్ళిపోయాడు.

ఉడుం సామాను సర్దుకుంది. ఒక్కో స్క్రూడ్రైవరూ తుడిచి పెట్టుకుంది, తుడవాల్సిన దానికంటే ఎక్కువసేపే. సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"అమ్మడూ," అన్నాడు అన్న. కంప్యూటరు వైపు చూడలేదు.

ఆవిడ ఆగింది.

"రేపు కూడా ఓసారి వచ్చి చూడు."

"బాగయిపోయింది కదా అన్నయ్యా. ఇంక చూడటానికేముంది?"

అతను ఆలోచించాడు. మంచి కారణం కోసం గదంతా వెతికాడు. మోటారు బాగుంది, ట్యాంకు బాగుంది, మీట బాగుంది.

"ఏమీ లేదు," అన్నాడు. "ఊరికే."

శనివారం తొమ్మిదింటికి మోటారు ఆగింది. వీధి పొడిగా ఉంది. పిన్నిగారి బట్టలు ఒక్కసారే తడిసి ఒక్కసారే ఆరాయి. పంపుహౌసులో ఉడుం, చేతిలో సంచీ లేకుండా, కుర్చీలో కూర్చుని ఉంది.